రాత్రి 11కి తాగితే పొద్దున 5:40కి గేటు దగ్గర మిషన్ పట్టేసింది, ఇదేం లెక్క?

సీమ_లారీ (ప్రొద్దుటూరు)
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాకు రెండు 14 టైర్ల బండ్లున్నాయి. ఎక్కువగా ఎర్రగుంట్ల వైపు సిమెంటు లోడు, తిరుగు కిరాయి ఏది దొరికితే అది.

గురువారం సాయంత్రం మా డ్రైవర్ ఒక ఫ్యాక్టరీ యార్డులో బండి పెట్టాడు. టోకెన్ వచ్చేసరికి తెల్లారుతుందని చెప్పారట. పక్క బండ్లవాళ్ళు స్టవ్ వెలిగించి కోడికూర వండుతుంటే వాళ్ళతో కూర్చుని ఒక క్వార్టర్ తాగాడు. అప్పటికి 11 అయింది. తిని క్యాబిన్‌లో పడుకున్నాడు. పొద్దున 5:40కి టోకెన్ పిలిచారు. గేటు దగ్గర సెక్యూరిటీ మిషన్ ఊదమన్నాడు. 46 చూపించింది. గేట్ పాస్ లాగేసుకుని, ఆరు నెలలు ఈ గేటు దాటొద్దన్నారు. బండిని లైన్లోంచి తీయించారు. లోడు పోయింది. ఇంకో డ్రైవర్ని పంపి బండి తెప్పించుకునేసరికి రోజున్నర గడిచింది.

పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉన్నాడు, ఒక్క యాక్సిడెంటు లేదు. "అన్నా, పొద్దున చుక్క ముట్టుకోలేదు, పిల్లల మీద ఒట్టు" అంటున్నాడు. నేను నమ్ముతున్నాను.

మిషన్ తప్పు చూపించిందా? ఫ్యాక్టరీవాళ్ళకు ఆ అధికారం ఉందా? ఇది లైసెన్స్ మీదకు వస్తుందా? వాడిని పెట్టుకోవాలా, మాన్పించాలా?

డాబా_చాయ్ (డోన్)
శనివారం, రాత్రి 9:31

మిషన్లు పాడైనవే ఉంటాయి అన్నా. ఒకసారి నేను నోట్లో జర్దా కిళ్ళీ పెట్టుకుని ఊదితే ఏదో నంబరు చూపించి, రెండోసారి సున్నా చూపించింది. మీవాడికి రెండోసారి ఊదే అవకాశం ఇచ్చారా?

సింహం_గుత్తి
శనివారం, రాత్రి 9:40

క్వార్టర్‌కే ఇంత గొడవా? మా మామ ఫుల్ కొట్టి గుత్తి నుంచి బెంగళూరు దాకా గీత తప్పకుండా తోలేవాడు. అలవాటున్నవాడికి ఎక్కదు.

ల్యాబ్_తాత (కడప)
శనివారం, రాత్రి 10:25

30 ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో రక్తం నమూనాలు చూసి రిటైరైనవాణ్ణి. సింహం, మీ మామకు ఎక్కలేదేమో గానీ రక్తంలోకైతే ఎక్కింది. అలవాటున్నవాడు తూలడు, మాట తడబడదు. మిషన్ తూలడాన్ని చూడదు నాయనా, ఊపిరిలో ఉన్న ఆల్కహాలును చూస్తుంది.

సీమ_లారీ, మీవాడి లెక్క వేసి చూపిస్తాను. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ గానీ బ్రాందీ గానీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో అసలు ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు, తూకంలో సుమారు 60 గ్రాములు. 65 కిలోల మనిషి ఒంట్లో అది పరుచుకుంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 137 మిల్లీగ్రాములు తేలుతుంది. లివరు దాన్ని గంటకు 15 లెక్కన కరిగిస్తుంది. కొందరికి 10, కొందరికి 20.

11 నుంచి 5:40 అంటే ఆరు గంటల నలభై నిమిషాలు. గంటకు 15 చొప్పున 100 కరిగింది. మిగిలింది 37. మీ మిషన్ 46 చూపించింది. అతని లివరు కాస్త నెమ్మది అయి ఉండొచ్చు, పెగ్గు కాస్త పెద్దదై ఉండొచ్చు, 11 కాక 11:30 అయి ఉండొచ్చు. మిషన్ అబద్ధం చెప్పిందని మాత్రం నేననను. మీవాడు కూడా అబద్ధం చెప్పలేదు. పొద్దున ముట్టుకోలేదన్నది నిజమే. రాత్రిది ఇంకా దిగలేదు, అంతే.

సీమ_లారీ (ప్రొద్దుటూరు)
శనివారం, రాత్రి 10:41

తాతా, ఇది నాకు కొత్త. నిద్రపోతే దిగిపోతుందనే అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. మరి ఎన్ని గంటలకైతే సున్నా వచ్చేది?

ల్యాబ్_తాత (కడప)
శనివారం, రాత్రి 10:58

నా లెక్కన 6:10 ప్రాంతంలో చట్టం హద్దైన 30 కిందకు, 8 దాటాక సున్నాకు. నెమ్మది లివరైతే మధ్యాహ్నం పన్నెండు కూడా దాటుతుంది. నిద్రపోయినా మేలుకున్నా లివరు వేగం ఒకటే. నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, స్ట్రాంగ్ కాఫీ, చన్నీళ్ళ స్నానం, పుదీనా నమలడం, ఇవేవీ దాన్ని తొందరపెట్టవు. కాఫీ తాగితే నిద్రమత్తు వదిలిన తాగుబోతు అవుతారు.

బీరే కదా అనేవాళ్ళకు కూడా చెప్తున్నా. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసా 8 శాతమైతే దాదాపు 40 గ్రాములు. రెండు లార్జ్ పెగ్గులతో సమానం.

డాబా_చాయ్ (డోన్)
శనివారం, రాత్రి 11:03

ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఏం చేయాలి తాతా 😂 రేపు ఆదివారమే లెండి, బండి లేదు.

కోర్టు_గుమాస్తా (అనంతపురం)
ఆదివారం, ఉదయం 7:20

అధికారం సంగతి, లైసెన్స్ సంగతి నేను చెప్తాను. వకీలును కాను, ఒక వకీలు దగ్గర గుమాస్తాను, రోజూ ఈ కాగితాలే.

గేటు దగ్గర సెక్యూరిటీ ఊదించింది పోలీసు టెస్టు కాదు. దాంతో కేసు రాదు, లైసెన్స్ మీదకూ రాదు. కానీ ఫ్యాక్టరీ వాళ్ళ ఇల్లు. లోపలికి ఎవరిని రానివ్వాలో వాళ్ళిష్టం. ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టులో చిన్న అక్షరాల్లో అది రాసే ఉంటుంది, చూడండి. చాలా ప్లాంట్లలో 30 వరకు ఓకే అనేది లేదు, సున్నాయే రావాలి.

మీరు సంతోషించాల్సిన విషయం ఒకటుంది. అదే 46 గేటు దగ్గర కాకుండా మైదుకూరు బైపాస్‌లో పోలీసు మిషన్ మీద పడి ఉంటే కథ వేరు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. లారీకైనా స్కూటర్‌కైనా ఒకటే హద్దు. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 6 నెలల వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా లేదా రెండూ. మళ్ళీ దొరికితే 2 ఏళ్ళ వరకు, 15 వేల వరకు. ఇది అక్కడికక్కడే చలానా కట్టి పోయే కేసు కాదు. సీటు బెల్టుకు, లైటుకు కట్టినట్టు కట్టడం కుదరదు. జడ్జి ముందు నిలబడాల్సిందే.

లైసెన్స్ వేరే దారిలో పోతుంది. తాగి నడిపితే కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. మూడు నెలలు బండి ఎక్కని డ్రైవర్ ఇల్లు ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఊదనని మొండికేసినా లాభం లేదు. వాసన, నడక, మాట చూసి అనుమానం ఉంటే పోలీసు అరెస్టు చేయొచ్చు, రెండు గంటల లోపల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. ఊదకపోవడం కోర్టులో మనకే ఎదురు తిరుగుతుంది.

సీమ_లారీ (ప్రొద్దుటూరు)
ఆదివారం, ఉదయం 7:48

ఓనర్ మీదకు కూడా వస్తుందా? మా వీధిలో ఒకాయన వస్తుందంటున్నాడు.

కోర్టు_గుమాస్తా (అనంతపురం)
ఆదివారం, ఉదయం 8:05

వస్తుంది, తెలిసి పంపితే. 188వ సెక్షన్. వాడు తాగి ఉన్నాడని తెలిసీ "ఏం కాదు పోరా, గేటు మూసేస్తారు" అని ఫోన్లో తరిమారనుకోండి, అదే శిక్ష మీకూ. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ కాల్ రికార్డింగ్ ఉంది కదా, జ్ఞాపకం పెట్టుకోండి.

గువ్వలచెరువు_మలుపు (రాయచోటి రోడ్డు)
ఆదివారం, మధ్యాహ్నం 2:15

నిన్నటి నుంచి చదువుతున్నాను. అందరూ లెక్కలు, సెక్షన్లు చెప్తున్నారు. నేను డ్రైవర్ని, 19 ఏళ్ళ సర్వీసు. నా మాట కూడా వినండి.

ఆ యార్డు ఎలా ఉంటుందో ఇక్కడ ఎంతమందికి తెలుసు? నూటయాభై బండ్లకు రెండు బాత్రూములు, ఒకదానికి తలుపు ఉండదు. నీడ లేదు. మే నెలలో క్యాబిన్ ఇనుము రాత్రి పదింటికి కూడా చేతికి కాలుతుంది. టోకెన్ ఎప్పుడు పిలుస్తారో దేవుడికే తెలియదు. పది గంటలని చెప్పి ఇరవై రెండు గంటలు ఆపిన రోజులున్నాయి. నిద్రపోతే నంబరు దాటిపోతుంది, మేలుకుంటే దోమలు. అక్కడ ఒకడు సీసా తీస్తే పక్కవాడు వద్దనడు. చేసింది మంచిదని నేను చెప్పడం లేదు, అది ఎక్కడి నుంచి మొదలవుతుందో చెప్తున్నా.

మోటారు రవాణా కార్మికుల చట్టంలో డ్రైవర్‌కు రోజుకు 8 గంటలు, వారానికి 48 అని 1961లోనే రాసి పెట్టారు. నా 19 ఏళ్ళలో ఆ 8 గంటలను నేను చూడలేదు. ఊదే మిషన్ మాత్రం అన్ని గేట్ల దగ్గరకూ వచ్చేసింది. ఎన్ని గంటలుగా నిద్ర లేదో కనిపెట్టే మిషన్ ఏ గేటు దగ్గరా పెట్టలేదు.

తాగి ఘాట్ దిగడం మాత్రం నేను ఒప్పుకోను. గువ్వలచెరువు ఘాట్‌లో లోడు బండి దిగుతుంటే బ్రేకు మీద కాలు కాదు, గేరు మీద బుర్ర ఉండాలి. రెండో గేరులో ఇంజను పట్టి ఉంచుతుంటే బండి మూలుగుతూ దిగుతుంది. కాస్త మత్తులో ఉన్నవాడికి ఆ మూలుగు విసుగు పుట్టిస్తుంది. న్యూట్రల్ చేస్తాడు. తర్వాత బ్రేకు డ్రమ్ములు కాలిన వాసన వస్తుంది, అప్పటికి పెడల్ కింద ఏమీ ఉండదు. కింద టీ అంగళ్ళ దగ్గర పిల్లలతో ఆగిన కార్లు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. నేను ఘాట్ దిగాక అక్కడ ఆగి టీ తాగుతాను. ఆ టీ కోసమే పైనుంచి మంచిగా దిగుతాననుకో.

సీమ_లారీ (ప్రొద్దుటూరు)
ఆదివారం, మధ్యాహ్నం 2:50

అన్నా, తప్పంతా ఓనర్లదే అన్నట్టు ఉంది. యార్డు నాది కాదు, టోకెన్ నాది కాదు. కిరాయి బ్రోకర్ తగ్గిస్తాడు, డీజిల్ నేను తగ్గించలేను. నెలకు ట్రిప్పులు తిరగకపోతే ఫైనాన్స్‌వాడు బండి తీసుకుపోతాడు.

గువ్వలచెరువు_మలుపు (రాయచోటి రోడ్డు)
ఆదివారం, మధ్యాహ్నం 3:02

బత్తా మాత్రం నీదే కదన్నా. ట్రిప్పుకింతని ఇస్తావు. యార్డులో రెండు రోజులు కూర్చుంటే ఆ రెండు రోజులకూ నాకు సున్నా. హాల్టింగ్ చార్జీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి నీకు వస్తే నాకెంత ఇస్తావు?

ప్రొద్దుటూరు_టు_ఫ్రెస్నో
ఆదివారం, రాత్రి 8:30

ఊరి పేరు చూసి ఆగాను. పదేళ్ళుగా కాలిఫోర్నియాలో ఉన్నాను, ఒక ట్రక్కింగ్ కంపెనీ సేఫ్టీ విభాగంలో పని. ఇదే తలనొప్పి నా ఉద్యోగం. ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తాను, పనికొచ్చింది తీసుకోండి.

మొదట మీకు ఆశ్చర్యం కలిగించే సంగతి. ఇక్కడ మామూలు కారు డ్రైవర్‌కు హద్దు 0.08, అంటే మీ లెక్కలో 80 మిల్లీగ్రాములు. పెద్ద ట్రక్కు నడిపేవాడికి 0.04, అంటే 40. మీ 30 కంటే ఎక్కువే. కాగితం మీద మన దేశం రూలే గట్టిది. కాకపోతే 0.02 నుంచి 0.039 మధ్య వచ్చినా 24 గంటలు స్టీరింగ్ ముట్టుకోనివ్వం. డ్యూటీకి ముందు 4 గంటలు తాగకూడదని రూలుంది. తాత లెక్క చూశాక 4 గంటలు ఎందుకు సరిపోవో మీకే అర్థమవుతుంది. క్వార్టర్ తాగిన మనిషి నాలుగు గంటల తర్వాత కూడా 70 మీద ఉంటాడు.

తేడా అంతా టెస్టు ఎప్పుడు పెడతారన్న దాంట్లో ఉంది. ఉద్యోగంలోకి తీసుకునే ముందు డ్రగ్ టెస్టు. యాక్సిడెంటులో ఎవరైనా చనిపోతే, ఇంకా మరికొన్ని సందర్భాల్లో, ఆల్కహాలు టెస్టు 8 గంటల లోపల, డ్రగ్స్ టెస్టు 32 గంటల లోపల. సూపర్‌వైజర్‌కు అనుమానం వస్తే ఒకటి. వీటన్నిటికీ మించి లాటరీ. కంపెనీలో ఉన్న డ్రైవర్ల సంఖ్యలో ఏడాదికి 50 శాతానికి సమానంగా డ్రగ్ టెస్టులు, 10 శాతానికి సమానంగా ఆల్కహాలు టెస్టులు చేయాలి. పేర్లు కంప్యూటర్ తీస్తుంది. ఒకే మనిషి పేరు ఏడాదిలో రెండుసార్లు రావచ్చు, పక్కవాడి పేరు మూడేళ్ళయినా రాకపోవచ్చు. పేరొచ్చిందని చెప్పగానే బయల్దేరాలి, రేపు పోతానంటే కుదరదు. పోకపోయినా, మధ్యలో లేచి వచ్చేసినా దొరికినట్టే లెక్క.

ఒకే ట్రక్కున్న ఓనర్ తానే డ్రైవరైతే తన లాటరీ తానే తీసుకోకూడదు, బయటి సంస్థలో పేరు నమోదు చేయించుకోవాలి.

డాబా_చాయ్ (డోన్)
ఆదివారం, రాత్రి 8:44

కాలిఫోర్నియాలో గంజాయి షాపుల్లోనే అమ్ముతారట కదన్నా? మరి డ్రైవర్లు?

ప్రొద్దుటూరు_టు_ఫ్రెస్నో
ఆదివారం, రాత్రి 9:10

అమ్ముతారు. మా ఆఫీసు ఎదురుగానే ఒకటుంది. కానీ ట్రక్కు లైసెన్స్ ఉన్నవాడికి ఆ రాష్ట్ర చట్టం పనిచేయదు, ఫెడరల్ రూలే. గంజాయి, కొకైన్, ఓపియాయిడ్లు (నల్లమందు జాతివి), యాంఫెటమైన్లు (నిద్ర ఆపే రకం), పీసీపీ అనే మత్తుమందు, ఈ ఐదు రకాలు మూత్రంలో చూస్తారు. గంజాయి తాగిన మత్తు దిగిపోయి వారమైనా దొరికిపోతారు. "శనివారం ఇంట్లో తాగాను, సోమవారం డ్యూటీ" అన్నవాడి ఉద్యోగం పోవడం నేను చూశాను.

దొరికాక కంపెనీ మారితే సరిపోతుందనుకునే రోజులు పోయాయి. 2020 జనవరి 6 నుంచి క్లియరింగ్‌హౌస్ అని దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ చిట్టా ఉంది. ఏ కంపెనీ అయినా కొత్త డ్రైవర్ని తీసుకునే ముందు అందులో చూడాలి, ఉన్నవాళ్ళను ఏడాదికొకసారి చూడాలి. 2024 నవంబర్ 18 నుంచి ఇంకా బిగించారు. ఆ చిట్టాలో నిషేధం ఉంటే రాష్ట్రం ట్రక్కు లైసెన్సే తీసేస్తుంది. తిరిగి రావాలంటే కౌన్సెలింగ్ నిపుణుడి దగ్గరకు పోవాలి, ఆయన చెప్పిన చికిత్స గానీ క్లాసులు గానీ పూర్తి చేయాలి, మళ్ళీ టెస్టు పాసవ్వాలి. పాసై పనిలో చేరాక మొదటి ఏడాదిలో కనీసం 6 సార్లు, చెప్పకుండా టెస్టులు.

ఖర్చుతో కూడుకున్న దారే, కానీ తిరిగొచ్చే దారి ఒకటి రాసిపెట్టి ఉంది. మీ దగ్గర ఆరు నెలలు గేటు మూసి, ఆరు నెలల తర్వాత మళ్ళీ తెరుస్తారు. మధ్యలో ఆ మనిషి తాగుడు ఏమైందో అడిగేవాళ్ళు లేరు.

కోర్టు_గుమాస్తా (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9:26

మన దగ్గర అలాంటి చిట్టా లేదు. లైసెన్స్ నంబరు కొడితే రవాణా శాఖవాళ్ళ పరివాహన్ సైటులో అది చెల్లుతుందా, సస్పెండ్ అయిందా కనిపిస్తుంది, అంతవరకే. కొత్త డ్రైవర్ని పెట్టుకునేటప్పుడు అది కూడా చూడని ఓనర్లు సగం మంది.

డాబా_చాయ్ (డోన్)
ఆదివారం, రాత్రి 9:33

మన క్లియరింగ్‌హౌస్ నా డాబానే. ఎవరు ఎంత తాగుతారో, ఎవరు బాకీ పెట్టి పోతారో అంతా నా నోటుబుక్కులో ఉంది. ఓనర్లు ఫోన్ చేసి అడుగుతారు, నేను చెప్పను.

హైవేకి 500 మీటర్ల లోపల మందు షాపు ఉండకూడదని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అంది, చిన్న ఊళ్ళకు దాన్ని 220 మీటర్లు చేశారు. తాగాలనుకున్నవాడు టైరు పంచరైతే రెండు కిలోమీటర్లు దొర్లించుకుంటూ పోయే మనిషి. 500 మీటర్లు ఒక లెక్కా? పైగా బళ్ళారి రోడ్డు నుంచి వచ్చే బండ్లలో కర్ణాటక మందు ప్యాకెట్లు సీటు కిందే ఉంటాయి.

ఆదోని_అకౌంట్లు
సోమవారం, ఉదయం 10:15

మా వారివి మూడు బండ్లు, పత్తి లోడు. లెక్కలు, ఫోన్లు, డ్రైవర్ల జీతాలు అన్నీ నేనే చూస్తాను. రెండేళ్ళ కింద మా బండి ఒకటి ఆలూరు దగ్గర రోడ్డు దిగి పొలంలో పడింది. మనుషులకు ఏం కాలేదు. డ్రైవర్‌కు ఆసుపత్రిలో రక్తం తీస్తే ఆల్కహాలు ఉందని వచ్చింది. బండి డ్యామేజీకి ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వలేదు. పాలసీలో ఆ షరతు ఉందట, నేనప్పుడే మొదటిసారి చదివాను. క్యాబిన్, యాక్సిల్, అన్నీ సొంత డబ్బే. నా గాజులు అప్పుడు పోయినవే.

ఆ తర్వాత ఊదే మిషన్లు కొన్నాను, బండికొకటి. మొదట ఆన్‌లైన్‌లో చవకది తెప్పిస్తే అగరుబత్తి పొగకు కూడా నంబరు చూపించింది, పారేశాను. తర్వాత ఆల్కహాలును కచ్చితంగా పట్టే ఫ్యూయల్ సెల్ రకం తీసుకున్నాను. వాటిని కూడా అప్పుడప్పుడు కంపెనీకి పంపి సరిచేయించాలి, లేకపోతే తప్పు చూపిస్తాయి. బండి తీసే ముందు డ్రైవర్ వీడియో కాల్ చేసి నా ముందు ఊదాలి. మొదట్లో సిగ్గుపడ్డారు, ఒకాయన మానేసి పోయాడు. ఇప్పుడు వాళ్ళే పొద్దున్నే "అక్కా, ఊదుతున్నా చూడు" అని చేస్తారు. ఐదింటికి నేను పేస్టు నోట్లో పెట్టుకునే కాల్ ఎత్తుతాను.

కోర్టు_గుమాస్తా (అనంతపురం)
సోమవారం, ఉదయం 10:40

అక్కగారు చెప్పింది సొంత బండి డ్యామేజీ. ఎదుటివాడు చనిపోయి ఉంటే ఇంకా పెద్దది. కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకునేలా ట్రిబ్యునల్ ఆర్డర్ వేయొచ్చు. వాళ్ళకు న్యాయమే. ఓనర్‌కు మాత్రం పొలం పోయే లెక్క.

సింహం_గుత్తి
సోమవారం, ఉదయం 11:30

అందరూ లారీ డ్రైవర్ల మీదే పడతారు. 2025 అక్టోబర్ 24న చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయింది గుర్తుందా? తాగింది ఎవరు? బైకు తోలినవాడు. వాళ్ళను ఎవరు ఊదిస్తారు?

గువ్వలచెరువు_మలుపు (రాయచోటి రోడ్డు)
సోమవారం, మధ్యాహ్నం 1:10

ఆ పేరు ఎత్తొద్దు తమ్ముడూ. ఆ వారం కర్నూలు రోడ్డులో పోయిన ప్రతి డ్రైవర్ అక్కడ బండి నెమ్మది చేశాడు. వాడు తాగాడు కాబట్టి మనం తాగొచ్చనే మాట దాంట్లోంచి ఎలా తీశావు?

వేదిక_నిర్వాహకుడు
సోమవారం, మధ్యాహ్నం 1:25

ఆ ప్రమాదం గురించి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ రూల్స్ వరకే.

బేతంచెర్ల_బండ
సోమవారం, సాయంత్రం 6:05

నాదొక అనుమానం. మా క్లీనర్ కుర్రాడు నిద్ర రాకుండా ఏదో మాత్ర వేసుకుంటున్నాడు, అప్పుడప్పుడు గంజాయి వాసన కూడా వస్తోంది. మందుకు 30 ఉంది, గంజాయికి ఎంత?

కోర్టు_గుమాస్తా (అనంతపురం)
సోమవారం, సాయంత్రం 6:40

గంజాయికి నంబరు లేదు. బండిని అదుపులో పెట్టలేని స్థితిలో ఉంటే 185 కిందే వస్తుంది. కానీ మీకు అసలు భయం అది కాదు. ఎన్‌డీపీఎస్, అంటే మత్తుపదార్థాల చట్టం. సీటు కింద చిన్న పొట్లం దొరికినా ఆ కుర్రాడి మీద కేసు. సరుకు రవాణా అన్నట్టు తేలితే 60వ సెక్షన్ కింద బండి జప్తు. నాకు తెలియకుండా జరిగింది, నేను తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను అని ఓనరే రుజువు చేసుకోవాలి. మీరిప్పుడు "వాసన వస్తోంది" అని రాశారు. తెలియదని రేపు ఎలా అంటారు? ఈ పోస్టు చదివాక ఈ రోజే తేల్చుకోండి.

ల్యాబ్_తాత (కడప)
సోమవారం, సాయంత్రం 7:15

నిద్ర ఆపే మాత్ర నిద్రను తీసేయదు, వాయిదా వేస్తుంది. అది దిగేటప్పుడు కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి ఉండడు. ఆ మాత్ర పేరేమిటో ముందు కనుక్కోండి. జలుబు మాత్రలతో కూడా జాగ్రత్త. సెట్రిజిన్ లాంటివి కొందరికి బాగా మత్తు తెస్తాయి. డాక్టరు దగ్గరకు పోయినప్పుడు "నేను లారీ డ్రైవర్ని" అని మొదటే చెప్పాలి, రాసే మందు మారుతుంది.

డోన్ తమ్ముడు జర్దా కిళ్ళీ గురించి అడిగాడు కదా, జవాబు బాకీ ఉంది. మౌత్‌వాష్, కొన్ని దగ్గు సిరప్పులు, కొన్ని హోమియో చుక్కలు నోట్లో ఆల్కహాలు వదులుతాయి. అది నోటిదే, రక్తానిది కాదు. నీళ్ళతో పుక్కిలించి 15 నిమిషాలు ఏమీ తినకుండా కూర్చుని మళ్ళీ ఊదితే పోతుంది. రక్తంలోది పోదు.

ప్రొద్దుటూరు_టు_ఫ్రెస్నో
సోమవారం, రాత్రి 8:50

సరిగ్గా అదే. ఇక్కడ మొదటి ఊదుడులో 0.02 గానీ ఆ పైన గానీ వస్తే కనీసం 15 నిమిషాలు ఆపి రెండోది చేయాలని రూల్లోనే ఉంది. రెండోదే లెక్క. సీమ_లారీ అన్నా, ఆ ఫ్యాక్టరీని అడగాల్సింది ఇదే. మావాడికి రెండోసారి ఎందుకు ఊదించలేదు అని రాతపూర్వకంగా అడగండి. 46కి ఫలితం మారకపోవచ్చు. రేపు ఇంకొకడు దగ్గు మందు తాగి వస్తే వాడికైనా పనికొస్తుంది.

సీమ_లారీ (ప్రొద్దుటూరు)
12 రోజుల తర్వాత, శనివారం, రాత్రి 9:50

అడిగినవాళ్ళకు ఏమైందో చెప్పడం మర్యాద కాబట్టి రాస్తున్నాను.

ఫ్యాక్టరీకి లెటర్ ఇచ్చాం. ఆరు నెలలను మూడు చేశారు. రెండోసారి ఊదించే పద్ధతి ఇక మీద పెడతామన్నారు, నోటి మాటే, కాగితం లేదు.

డ్రైవర్ని మాన్పించలేదు. తాడిపత్రి గ్రానైట్ లోడ్లకు మార్చాను. తాత లెక్కను ఒక అట్ట మీద రాయించి క్యాబిన్‌లో అతికించాను. క్వార్టర్ అయితే పది గంటలు, బీరు సీసా అయితే ఏడు గంటలు, ఫుల్ అయితే ఆ రోజు బండి లేదు. తాత ఒప్పుకుంటాడో లేదో మరి, నేను కాస్త ఎక్కువే వేశాను. మా ఆవిడ ఆ అట్ట చూసి, లారీకి సారా రేట్ల బోర్డు పెట్టించావా అంది.

గువ్వలచెరువు అన్న అన్న మాట రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. హాల్టింగ్ డబ్బు వస్తే సగం డ్రైవర్‌కు. రాకపోయినా యార్డులో రెండో రోజు నుంచి రోజుకింతని నా జేబులోంచి. ఎంతో ఇక్కడ రాయను, మిగతా ఓనర్లు ఇంటిమీదకు వస్తారు.

వాడికి ఇవన్నీ చెప్తే ఒకటే అడిగాడు. "లోడు టైము ముందే కరెక్టుగా చెప్పన్నా, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటా." ఆ ఒక్కటే నా చేతిలో లేదు.

ల్యాబ్_తాత (కడప)
శనివారం, రాత్రి 10:20

ఎక్కువ వేస్తే తప్పు లేదు నాయనా. నెమ్మది లివరుంటే క్వార్టర్‌కు పది కూడా చాలదు, పద్నాలుగు వేసుకో.

డాబా_చాయ్ (డోన్)
శనివారం, రాత్రి 10:31

ఆ అట్ట ఫోటో పెట్టన్నా, డాబాలో కూడా అతికిస్తా. వ్యాపారం ఎటూ టీ మీదే.

బేతంచెర్ల_బండ
శనివారం, రాత్రి 10:45

ఆదోని అక్కా, ఆ రెండో రకం మిషన్ ఎక్కడ కొన్నారో చెప్తారా? కుర్రాడిని ఊరికి పంపేశాను. ఇప్పుడు ఊదాల్సింది నేనే.